హ్యూరన్ నది మీద సంఘమంతా ఒక శనివారం

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్ ఊళ్ళో హ్యూరన్ నది మీద ఆర్గో పార్కు నుంచి గాలప్ పార్కు దాకా పడవలో 3.7 మైళ్ళు. అంటే సుమారు ఆరు కిలోమీటర్లు. తెడ్డు వేయడం వచ్చిన ఇద్దరైతే గంటన్నరలో దిగిపోతారు. ముప్ఫై మంది ఉన్న చర్చి సంఘానికి మాత్రం అది ఒక పూట పని. ఆ పూట హాయిగా గడుస్తుందా, ఒకరి కోసం ఒకరు ఎండలో ఎదురుచూస్తూ గడుస్తుందా అన్నది నీళ్ళలో తేలే విషయం కాదు. ఒడ్డున తేలిపోతుంది. ఇంకా చెప్పాలంటే ముందు వారం ఫోన్లలోనే తేలిపోతుంది.

నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు ఉన్న తెలుగువాళ్ళకు ఇది గంటలోపు ప్రయాణం. నది మొత్తం పొడవు దాదాపు 130 మైళ్ళు. చివరికి ఈరీ సరస్సులో కలుస్తుంది. దారి పొడవునా ఆనకట్టలున్నాయి. మనం దిగే ముక్క పైన ఆర్గో ఆనకట్ట, కింద గెడ్డెస్ ఆనకట్ట, ఈ రెంటి మధ్యది. ఒకప్పుడు ఆర్గో దగ్గర పడవను నీళ్ళలోంచి తీసి భుజాన మోసుకుంటూ ఆనకట్ట దాటాల్సి వచ్చేది. 2012లో పక్కనున్న పాత కాలువను మెట్లుమెట్లుగా మార్చారు. తొమ్మిది చిన్న దూకుళ్ళు, వాటి మధ్య మడుగులు. దాన్నే ఆర్గో కాస్కేడ్స్ అంటారు. ఈ ప్రయాణంలో కేరింతలన్నీ అక్కడే, బోల్తాలు కూడా చాలావరకు అక్కడే.

ముందు నీటి లెక్క. ఆన్ ఆర్బర్ దగ్గర నదిలో అమెరికా భూగర్భ సర్వే సంస్థ కొలమానం ఉంది. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో ఇంటర్నెట్‌లో ఎప్పటికప్పుడు చూడొచ్చు. మనకు ఆ లెక్క కొత్తేమీ కాదు, అవి క్యూసెక్కులే. వేసవిలో ఇక్కడ మామూలుగా పారేది కొన్ని వందల క్యూసెక్కులు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షలకు పైగా క్యూసెక్కులు వదిలారు. అదంతా టీవీలో చూసిన కళ్ళకు ఇది పంటకాలువలా కనిపిస్తుంది. మోకాలి లోతు నీళ్ళేగా అన్న ధీమా వచ్చేది అక్కడే. మోకాలి లోతున పారే నీళ్ళలో రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే, వెనకనుంచి వచ్చే నీటి ఒత్తిడి మనిషిని ముందుకు బోర్లా పడేసి లేవనివ్వదు. అందుకే పారే నీళ్ళలో పడినవాళ్ళు నిలబడే ప్రయత్నం చేయకూడదు. వెల్లకిలా తేలాలి, కాళ్ళు పైకెత్తి నీరు పారే వైపు పెట్టాలి. మడుగు నెమ్మదించాక ఒడ్డు చేరాలి. ఈ ఒక్క విషయం బయల్దేరేముందు తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా, పిల్లల చేత తిరిగి చెప్పించి మరీ చెప్పాలి.

నీళ్ళు బాగా తగ్గిన ఆగస్టులో ఇంకో చిక్కు ఉంది. కయాక్ అంటే రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. ఇద్దరు కూర్చుంటే అది నీటిలోకి ఎక్కువ దిగుతుంది కాబట్టి అడుగు రాళ్ళకు రాసుకుని ఆగిపోతుంది. పెద్ద వాన పడిన మర్నాడు పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. నీరు ఎర్రగా మారుతుంది, కొట్టుకొచ్చిన చెట్లు ఒడ్డు వంపుల్లో అడ్డం పడతాయి, ఊరి మురికి నదిలో కలుస్తుంది. ఒకటి రెండు రోజులు ఆగడం మంచిది. అడ్డం పడిన చెట్టు కొమ్మల్లోంచి నీళ్ళు దూరిపోతాయి, మనిషి దూరలేడు. అలాంటిది కనిపిస్తే ఎంత దూరమైనా సరే అవతలి ఒడ్డుకు జరిగిపోవాలి.

తేదీ జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు మధ్యలో పెట్టుకోవాలి. మేలో గాలి వెచ్చగా ఉన్నా నీళ్ళు చల్లగానే ఉంటాయి. పడిన మనిషికి ఒక్కసారిగా ఊపిరి ఎగబీలుస్తుంది. ఆదివారం ఆరాధన ఉంటుంది కాబట్టి శనివారమే వీలు. జూలైలో ఆర్ట్ ఫెయిర్ అనే కళల సంత జరిగే శనివారం మాత్రం వద్దు, ఊరంతా జనమే. సెప్టెంబరుకు జరిపితే మిషిగన్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఆట ఉందేమో చూసుకోవాలి. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం అది. ఆట రోజున కారు పెట్టుకోవడానికే పూట గడిచిపోతుంది. ఏ శనివారమైనా మధ్యాహ్నం అయ్యేసరికి కాస్కేడ్స్ నిండా ట్యూబుల మీద తేలే కుర్రకారు ఉంటారు. ఉదయం మొదటి వేళకే బుక్ చేసుకుంటే నది మనదే.

పడవలు అద్దెకిచ్చే చోటును అక్కడ లివరీ అంటారు. ముప్ఫై మందికి ఆన్‌లైన్‌లో ఒక్కొక్క పడవా బుక్ చేయకుండా ఫోన్ చేసి మాట్లాడాలి. కార్లు ఆర్గోలో పెట్టాలా గాలప్‌లోనా, వ్యాన్‌లో తిరిగి తీసుకొచ్చేది ఎన్ని గంటల దాకా, వాన వస్తే డబ్బు తిరిగిస్తారా తేదీ మారుస్తారా, పిల్లలకు కనీస వయసు ఎంత. ఈ నాలుగూ అడిగి రాసుకోవాలి. ఏదైనా జరిగితే బాధ్యత మాదేనని లివరీకి రాసిచ్చే హామీపత్రం మీద పెద్దవాళ్ళు ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలి, పిల్లలకు తల్లో తండ్రో పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో లింకు పడేసి ఊరుకుంటే సగం మంది అక్కడికొచ్చాకే ఫోను తీస్తారు. గురువారం రాత్రికి ఎవరెవరివి అందలేదో పేర్లతో చదివి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసే బాధ్యత యూత్‌లో ఒకరికి అప్పగించాలి.

సొంత కయాక్‌లు తెచ్చుకునేవాళ్ళుంటే కార్ల ఏర్పాటు వేరు. ముందు అందరూ ఆర్గోకే వచ్చి పడవలూ మనుషులూ దిగాలి. తర్వాత డ్రైవర్లు మాత్రం కార్లు గాలప్‌లో పెట్టి, ఒకే వ్యాన్‌లో వెనక్కి రావాలి. ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటే. గాలప్‌లో పెట్టిన కారు తాళం ఆర్గోలో ఉండిపోయిన వ్యాన్‌లోని సంచిలో మిగిలిపోతుంది. తాళాలన్నీ ఒకే వాటర్‌ప్రూఫ్ సంచిలో వేసి, అందరికన్నా వెనక వచ్చే పడవలో కట్టెయ్యాలి. ఇప్పటి తాళాల్లో బ్యాటరీ ఉంటుంది, తడిస్తే పనిచేయకపోవచ్చు. సంచి మూతి కనీసం మూడు మడతలు మడిచి బిగించాలి. ఇంట్లోనే అందులో ఒక టిష్యూ కాగితం పెట్టి బకెట్టులో ముంచి చూస్తే నమ్మొచ్చో లేదో తెలిసిపోతుంది.

ఇక ఎవరు ఎవరితో కూర్చోవాలి. ఇది ఒడ్డున తేల్చుకునే పని కాదు. ముందే కాగితం మీద రాసి తీసుకెళ్ళాలి. ఇద్దరు కూర్చునే కయాక్‌లో వెనకవాళ్ళు దారి తిప్పుతారు, ముందువాళ్ళు వేగం నిర్ణయిస్తారు. బరువైన మనిషి, తెడ్డు బాగా వేయగల మనిషి వెనకే కూర్చోవాలి. తిరగేసి కూర్చుంటే ముక్కు నీళ్ళలోకి దిగి పడవ మాట వినదు. ముందువాళ్ళ తెడ్డు వెనకవాళ్ళకు కనిపిస్తుంది, వెనకవాళ్ళది ముందువాళ్ళకు కనిపించదు. కాబట్టి తాళం కలపాల్సింది వెనకవాళ్ళే. భార్యాభర్తల మధ్య మాటామాటా వచ్చేది చాలాసార్లు ఈ సంగతి తెలియకే. ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ తెడ్డు పట్టని జంట ఉంటే, వాళ్ళను విడదీసి ఒక్కొక్కరినీ అలవాటున్నవాళ్ళతో కూర్చోబెట్టాలి. పడవ మీద రాసిన బరువు పరిమితి ఇద్దరి బరువూ సామానూ కలిపి అన్న సంగతి మరవకూడదు.

వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఉంటారు. వాళ్ళను మొహమాటపెట్టి ఎక్కించకూడదు, వయసయిందని వదిలేయనూ కూడదు. మోకాళ్ళు వంగి కింద కూర్చుని లేవగలిగితే చాలు, ఈత రాకపోయినా లైఫ్ జాకెట్‌తో ముందు సీటులో హాయిగా వస్తారు. కాస్కేడ్స్ దగ్గర భయమనిపిస్తే, ఆ కాలువ పక్కనే నడకదారి ఉంది. అంతమేరా నడిచి దిగువన ఎక్కొచ్చు. అప్పుడు ఆ పడవను ఒంటరిగా దింపగలిగినవాళ్ళే వెనక ఉండాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గాలప్ పార్కులో వంటవాళ్ళతో ఉండటం మేలు. అక్కడ చెట్ల నీడ ఉంది, చదునైన దారి ఉంది, బాతులు, హంసలు ఉన్నాయి. షుగరు మందులు వాడేవాళ్ళు బిస్కెట్లో గ్లూకోజో జేబులోనే పెట్టుకోవాలి. సంచిలో పెట్టి సంచిని వేరే పడవలో పెడితే పెట్టుకోనట్టే. ఇన్సులిన్ ఎండలో పడవలో ఉండకూడదు.

మిషిగన్ చట్టం ప్రకారం కయాక్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక లైఫ్ జాకెట్ ఉండాలి, ఆరేళ్ళలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచితే, సంఘం వరకు మాత్రం పాస్టర్ గారి దగ్గర్నుంచి అందరూ తొడుక్కోవాలి. పెద్దవాళ్ళు సీటు వెనక పెట్టుకున్న జాకెట్‌ను చూసి పిల్లలు తమదీ విప్పేస్తారు. సైజు సరిపోయిందో లేదో చూడడం తేలిక. అన్ని పట్టీలూ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. జాకెట్ చెవుల దాకా లేస్తే వదులు. పిల్లలకైతే కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. ఒక్కో జాకెట్‌కూ ఒక్కో ఈల కట్టాలి. ఒక కూత అంటే ఇటు చూడండి, మూడు కూతలు అంటే సాయం కావాలి. అంతకుమించి సంకేతాలు పెడితే ఎవరికీ గుర్తుండవు.

బట్టల గురించి అక్కలకూ ఆంటీలకూ ముందే చెప్పాలి. చీర, చున్నీ, వదులు పంజాబీ ప్యాంటు తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటాయి. బోల్తాపడిన పడవలోంచి బయటికి రానివ్వవు. జీన్స్ తడిస్తే బరువెక్కి రోజంతా ఆరదు. త్వరగా ఆరే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా ఎండకూ మర్యాదకూ రెంటికీ సరిపోతాయి. హవాయి చెప్పులు మొదటి మడుగులోనే తేలిపోతాయి. వెనక పట్టీ ఉన్న శాండల్స్ కావాలి. చల్లటి నీటిలో వేలు సన్నబడి ఉంగరం జారిపోతుంది, అందుకని బంగారం ఇంట్లోనే ఉంచాలి. కళ్ళజోడుకు తాడు కట్టాలి. టోపీ, సన్‌స్క్రీన్, మనిషికి లీటరు నీళ్ళు. మెరుపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే మంచిది. ఉరుము వినిపిస్తే ఒడ్డు ఎక్కాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ దిగకూడదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ముప్ఫై మందికి ఇద్దరివి పన్నెండు, ఒక్కరివి ఆరు, మొత్తం పద్దెనిమిది పడవలు. ఒక్కో పడవను నీటిలోకి దింపడానికి రెండున్నర నిమిషాలు పడితే అందరూ దిగేసరికి ముప్పావుగంట. మొదట దిగినవాళ్ళు అంతసేపూ ఎండలో తేలుతూ ఉండాలి. అందుకే చిన్నపిల్లలున్న కుటుంబాలను ఆఖరున దింపాలి. దారి చూపే పడవ మొదటిది. ఆ తర్వాత తెడ్డు అలవాటున్నవాళ్ళు, తర్వాత కొత్తవాళ్ళు, తర్వాత పిల్లలు, అందరికన్నా వెనక తాళాల సంచి, ప్రథమచికిత్స పెట్టె, అదనపు తెడ్డు ఉన్న పడవ. ముందు పడవను ఎవరూ దాటకూడదు, వెనక పడవకు వెనక ఎవరూ మిగలకూడదు. ఆ రెండు పడవల్లోనూ ఓపికున్నవాళ్ళు ఉండాలి. యూత్‌లో అందరికన్నా బలమైన కుర్రాణ్ణి ముందు పెడితే పది నిమిషాల్లో కనుమరుగవుతాడు. అతణ్ణి వెనక పెట్టడమే సరైన పని, బలం అవసరమయ్యేది అక్కడే.

ప్రార్థన దిగేముందు, ఒడ్డున, నీడలో, జాకెట్లు తొడుక్కోకముందే చేసుకోవాలి. జాకెట్లు బిగించుకుని ఎండలో పది నిమిషాలు నిలబడితే పిల్లలకు ప్రార్థన ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తుంది, అలా అనిపించనివ్వకూడదు. గలిలయ సముద్రం మీద తుఫాను రేగినప్పుడు దోనెలో యేసు నిద్రపోతున్న భాగం చదివితే సండే స్కూలు పిల్లలు ఆ రోజంతా తమ పడవను దోనె అనే పిలుస్తారు. ప్రార్థన కాగానే జతలు చదివి తలకాయలు లెక్కపెట్టాలి.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే ఎక్కువగా పడిపోతారు. పడవ ఒడ్డుకు సమాంతరంగా ఉండాలి, ఒకరు గట్టిగా పట్టుకోవాలి. నిలబడి అడుగు వేయకుండా ముందు కూర్చుని, తర్వాత కాళ్ళు లోపలికి తీసుకోవాలి. బరువు ఎప్పుడూ నడిమధ్యనే ఉండాలి. కూర్చున్నాక పాదాలు ఆనించే పెడల్స్ సర్దుకోవాలి. మోకాళ్ళు కొద్దిగా వంగి ఉండాలి. తెడ్డును తలమీద పెట్టుకున్నప్పుడు మోచేతులు లంబకోణంలో వంగితే పట్టు సరైన చోట ఉన్నట్టు. తెడ్డు రెక్క లోతు వైపు మన వైపుకు ఉండాలి. కొత్తవాళ్ళు సగం మంది తిరగేసి పట్టుకుంటారు, గంటకల్లా భుజాలు నొప్పంటారు. పడవకు దగ్గరగా వేసిన తెడ్డు నిటారుగా తీసుకెళ్తుంది. దూరంగా అర్ధచంద్రాకారంలో వేస్తే పడవ తిరుగుతుంది, కుడివైపు వేస్తే ఎడమకు. ఆనకట్ట వెనక నిలిచిన ఆర్గో చెరువు నీరు నిలకడగా ఉంటుంది కాబట్టి అందరూ దిగేదాకా అక్కడే ఇవి సాధన చేయించాలి. ఎదురుచూపు పాఠంగా మారుతుంది. ఆనకట్ట వైపు మాత్రం ఎవరినీ పోనివ్వకూడదు. మన దారి లివరీ పక్కనున్న కాలువే.

కాస్కేడ్స్‌లో ఒకసారికి ఒకే పడవ. ముందు పడవ కింది మడుగు దాటి పక్కకు జరిగాకే తర్వాతిది కదలాలి. రెండు పడవలు ఒకే దూకులో పడితే వెనకది ముందుదానికి తగిలి రెండూ అడ్డం తిరుగుతాయి. దూకు మధ్యలో నునుపుగా నాలుకలా జారే నీరు ఉంటుంది. పడవ ముక్కు దానికి గురిపెట్టి, తెడ్డు ఆపకుండా వేస్తూ దిగాలి. భయపడి తెడ్డు ఎత్తేసి అంచులు పట్టుకుంటే పడవకు దిశ చెప్పేవాళ్ళుండరు. రాయికి అడ్డంగా ఆనుకుపోతే మనిషికి సహజంగా రాయికి దూరంగా ఒరగాలనిపిస్తుంది. అదే తప్పు. అలా ఒరిగితే ఎగువ అంచు మీద నీళ్ళెక్కి పడవ బోర్లాపడుతుంది. రాయిని కావలించుకోబోతున్నట్టు దాని వైపే ఒరగాలి, తర్వాత చేత్తో నెట్టుకుంటూ జారాలి. పడిపోతే పడవకు ఎగువన ఉండాలి. నీళ్ళు నిండిన పడవ బరువు చాలా ఎక్కువ, దానికీ రాయికీ మధ్య మనిషి ఇరుక్కోకూడదు.

కాలువ దాటి నదిలో కలిశాక తొందర తగ్గుతుంది. రైలు పట్టాలు కొంతమేరకు తోడొస్తాయి. 1886లో కట్టిన రాతి రైలు స్టేషను ఈ ఊళ్ళో ఉంది, ఇప్పుడది భోజనశాల. కుడివైపు మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళ నికల్స్ వృక్షవనం వస్తుంది. బూడిదరంగు పెద్ద కొంగలు, దుంగల మీద తాబేళ్ళు ఇక్కడ కనిపిస్తాయి. పాటలు పాడుకోవడానికి అనువైన చోటే, కానీ నీటి మీద గొంతు చాలా దూరం పోతుంది. గాలం వేసుకుని కూర్చున్నవాళ్ళు కనిపిస్తే వాళ్ళను దాటేదాకా ఆపి, వాళ్ళ దారానికి దూరంగా పోవాలి. ఒడ్డెక్కి ఆగితే మూడేసి ఆకుల పాయిజన్ ఐవీని తాకకుండా చూసుకోవాలి, దురద వారాల తరబడి వేధిస్తుంది.

చేపల మాట కూడా వస్తుంది. పులుసు గుర్తుకు రాని తెలుగువాడు ఉండడు. పీఫాస్ అనే రసాయనాల వల్ల 2018లో ఈ నది చేపలు తినొద్దని రాష్ట్రం సూచన ఇచ్చింది. పట్టాలనుకునేవాళ్ళు తాజా సూచన చదవాలి. నీళ్ళ మీద తెల్లటి నురగ తేలుతుంటే పిల్లల్ని అందులో చేతులు పెట్టనివ్వకూడదు.

ఆఖరి మైలే కష్టం. గెడ్డెస్ ఆనకట్ట వల్ల గాలప్ దగ్గర నది చెరువులా వెడల్పవుతుంది. ప్రవాహం తోడు ఉండదు. ఎదురుగాలి వీస్తే తెడ్డు ఆపిన మరుక్షణం పడవ వెనక్కి పోతుంది. చేతులు అలిసిపోయేది, పిల్లలు ఏడ్చేది, వరుస చెదిరేది ఇక్కడే. ఒడ్డు వెంబడి, చెట్ల చాటున పోతే గాలి తగ్గుతుంది. చెరువులోకి రాకముందే ఒకసారి ఆగి, నీళ్ళు తాగించి, అలిసిన జతలను ఒడ్డున మార్చాలి. అందరూ పడవలు పక్కపక్కన చేర్చి పట్టుకుని ఒక పాట పాడుకోవాలంటే గాలి లేని రోజున బాగుంటుంది. గాలి ఉంటే ఆ తెప్పంతా రెండు చరణాల్లో రెల్లుగడ్డిలోకి కొట్టుకుపోతుంది.

బాప్తిస్మం కూడా ఇదే రోజు పెట్టుకుందామని ఎవరో ఒకరు అంటారు. మా ఉద్దేశంలో రెండూ కలపకూడదు. దానికి నిలకడైన నడుంలోతు నీరు, గట్టి నేల, పార్కువాళ్ళ అనుమతి, బట్టలు మార్చుకునే చోటు, నిదానం కావాలి. అలిసిపోయిన ముప్ఫై మంది చూస్తూ ఉండగా తొందరలో చేసే పని కాదది.

భోజనం గాలప్‌లో ఒడ్డెక్కాకే. బయల్దేరేముందు రెండు ఇడ్లీలు చాలు, కడుపునిండా తిని కయాక్‌లో ముందుకు వంగితే వికారం. చింతపండు పులిహోర ఈ పనికి పుట్టినట్టు ఉంటుంది. ముప్ఫై మందికి మూడు కిలోల బియ్యం సరిపోతాయి. పెరుగన్నం, కోడికూర ఐస్ పెట్టెలోనే ఉండాలి. బయట రెండు గంటలు, 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజైతే ఒక్క గంట, అంతకుమించి ఉంచితే పారబోయాల్సిందే. వంటవాళ్ళు, పడవలు నీటిలోకి దిగి గంటయిందని లెక్కేసుకుని కాకుండా, ముందు పడవ కాస్కేడ్స్ దాటిందని ఫోన్ వచ్చాక పెట్టె తెరవడం మొదలుపెట్టాలి.

గాలప్‌లో తొందరగా చేరినవాళ్ళకు ఆకలి నకనకలాడుతుంది. అయినా రేవు దగ్గర ఇద్దరు మోకాలి లోతులో నిలబడి ప్రతి పడవనూ పట్టుకోవాలి, ఒకరు కాగితం మీద జతలకు గీత పెట్టాలి. పద్దెనిమిదో పడవలోని వాళ్ళు ఒడ్డెక్కి, తాళాల సంచి అప్పగించి, చేతులు కడుక్కుని వచ్చేదాకా పులిహోర గిన్నె మూత తీయకూడదు.